పొరుగింటి గోడ మీద వేలాడే నది: ఇది ఎక్కడిది, ఇందులో రాత్రి ఎక్కడుంది?

నీటిరంగులు | జులై 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను బొమ్మలు వేయడం నేర్చుకున్నదాన్ని కాదు, చూడటం మాత్రం ఇష్టం. మూడేళ్ళుగా టోక్యో పక్కన ఉంటున్నాం. మా పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఒక్కరే ఉంటారు. మొన్న ఆదివారం నన్ను, మా పాపని చల్లని బార్లీ టీ తాగడానికి పిలిచారు.

వాళ్ళ చాపల గదిలో గోడలోకి కాస్త లోతుగా కట్టిన ఒక చోటు ఉంది. దాన్ని తొకోనోమా అంటారట. అందులో ఒక పువ్వు, ఒక బొమ్మ తప్ప ఇంకేమీ పెట్టరు. ఆ బొమ్మ పైనుంచి కిందికి వేలాడే చుట్ట. పట్టుబట్ట మీద వేశారు. బొమ్మ వరకు చూస్తే మూరెడు వెడల్పు, రెండు మూరల కంటే ఎక్కువ పొడవు ఉంటుంది.

ఫోటో పెట్టడం ఆవిడకు ఇష్టం లేదు, అందుకని మాటల్లోనే చెబుతాను. కింద ఒక మూల రెల్లు. దాని పైన నది. నది మధ్యలో పైకప్పు ఉన్న పడవ, దాని వెదురు తెరలు సగం పైకి చుట్టి ఉన్నాయి. లోపల ముగ్గురు ఆడవాళ్ళు, ఒక మగాయన. ఒకావిడ చెయ్యి నీళ్ళలోకి వేలాడేసింది. పడవ చూరుకి రెండు కాగితం లాంతర్లు. పుచ్చకాయలు వేసుకున్న చిన్న పడవ ఒకటి వీళ్ళ పక్కకి వస్తోంది. కాస్త దూరంగా సన్నటి, కోసుగా ఉన్న పడవలో ఒక్క మనిషి తల మీదుగా తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు, వెనక పడవవాడు. అవతల గట్టు. గట్టు మీదుగా నిండు చంద్రుడు.

నాకు అంతుపట్టనిది ఏమిటంటే, చంద్రుడున్నాడు, లాంతర్లున్నాయి, కానీ రాత్రి లేదు. నలుపు ఎక్కడా లేదు. ఆడవాళ్ళ బట్టల మీద గీతలు, పువ్వులు మిట్టమధ్యాహ్నం చూసినట్టు కనిపిస్తున్నాయి. నీళ్ళు కూడా లేవు! ఒక్క అల గీయలేదు, నీలం పూయలేదు. పడవలు ఖాళీ బట్ట మీద ఉన్నాయి. అయినా ఆ గదిలో కూర్చున్నంతసేపు నాకు చల్లగా అనిపించింది. ఏసీ వేసి లేదు, బయట 34 డిగ్రీలు.

ఇది ఏ నది అయ్యుంటుంది? ఆ చల్లదనం ఎక్కణ్ణుంచి వచ్చింది? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఒసాకా_శీను | జులై 12, రాత్రి 10:25

అక్కా, ఇది నూటికి నూరుపాళ్ళు క్యోటోలోని కామో నది. వేసవి సాయంత్రం నది ఒడ్డున చల్లగాలికి కూర్చోవడం అంటే ఇక్కడ ఎవరికైనా ముందు గుర్తొచ్చేది శిజో వంతెన దగ్గరి కామో ఒడ్డే. ఇప్పటికీ మే నెల రాగానే పడమటి ఒడ్డున హోటళ్ళవాళ్ళు నీళ్ళవైపు పెద్ద పెద్ద చెక్క అరుగులు కడతారు. వాటి మీద కూర్చుని తింటాం. కింద సన్నటి పాయ పారుతుంటుంది. పోయిన ఏడాది మా ఆఫీసువాళ్ళతో వెళ్ళాను. గాలి రాకపోయినా నీళ్ళ చప్పుడుకే ఒళ్ళు తేలికపడుతుంది.

పాతకాలంలో ఇంకా బాగుండేదట. ఒడ్డున కాదు, నది మధ్యలోనే ఇసుక తిన్నెల మీద, లోతులేని నీళ్ళలో బల్లలు వేసేవాళ్ళు. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. పాత లెక్కలో ఆరో నెల 7 నుంచి 18 దాకా, అంటే గియోన్ పండుగ రోజుల్లో, ఆ నదంతా దీపాలే.

సుధారాణి_వరంగల్ | జులై 13, ఉదయం 6:15

పొద్దున్నే చదివాను. ఆ పుచ్చకాయల పడవ కళ్ళముందు కదులుతోంది. వేలాడే చుట్ట అంటే మా చేర్యాల పటం లాంటిదా అండీ? తర్వాత వివరంగా రాస్తాను, పిల్లల్ని బడికి పంపాలి.

కుంచె_మాష్టారు | జులై 13, ఉదయం 8:50

అమ్మా నీటిరంగులూ, మంచి ప్రశ్న వేశావు. నేను ముప్పై ఏళ్ళు డ్రాయింగు చెప్పినవాణ్ణి. నది సంగతి నాకు తెలియదు, రాత్రి సంగతి చెబుతాను.

ముందు ఒక పని చెయ్యి. ఈసారి వెళ్ళినప్పుడు చంద్రుడి దగ్గరికి వెళ్ళి చూడు. అక్కడ తెల్లరంగు ఉందా, ఖాళీ బట్ట ఉందా? నా అంచనా, ఖాళీ బట్టే ఉంటుంది. వాళ్ళు చంద్రుణ్ణి గీయరు. చంద్రుడి చుట్టూ పల్చటి సిరాని తడి కుంచెతో పామి, బయటికి వచ్చేకొద్దీ కరిగిపోయేట్టు చేస్తారు. ఆ మసక మధ్యలో వదిలేసిన గుండ్రమే చంద్రుడు. దీన్ని సొతొగుమ అంటారు, అంటే బయటి నీడ. మంచుకొండని, తెల్లకొంగని కూడా ఇలాగే చూపిస్తారు. తెల్లదనం రంగు వేస్తే వచ్చేది కాదు, పక్కదాన్ని కాస్త నల్లబరిస్తే వచ్చేది.

నీళ్ళదీ అదే దారి. పడవ అడుగు గీత ఎక్కడ ఆగిందో చూడు. రెల్లు కాడ ఎక్కడ మాయమైందో చూడు. ఆవిడ వేళ్ళు ఎక్కడి దాకా గీశాడో చూడు. ఆ ఆగిపోయిన చోట్లన్నీ కలిపితే నీటి మట్టం వస్తుంది. మన కన్నే నీళ్ళు పోసుకుంటుంది. అల గీస్తే అది ఒకరకం నీరే అవుతుంది. వదిలేస్తే చూసేవాడికి తెలిసిన నీరు అవుతుంది. నీకు చల్లగా అనిపించడానికి సగం కారణం అదే అనుకుంటాను. కింద నుంచి పైదాకా కంటికి అడ్డం లేకుండా గాలి ఆడుతుంది.

ఇంకో మాట. ఈ తడి కుంచె పని మనకి మరీ పరాయిది కాదు. 1903లో యొకొయామా తైకన్, హిషిదా షున్సో అనే ఇద్దరు జపాన్ చిత్రకారులు కలకత్తా వచ్చారు. వాళ్ళు కాగితాన్ని తడిపి రంగు పాముతుంటే అవనీంద్రనాథ్ టాగోర్ దగ్గరుండి చూశారు. బెంగాలువాళ్ళ వాష్ పద్ధతి అక్కణ్ణుంచే ఊపందుకుంది. ఆ పద్ధతిని ప్రమోద్ కుమార్ చటర్జీ బందరు తెచ్చి ఆంధ్ర జాతీయ కళాశాలలో నేర్పారు. అడివి బాపిరాజు గారు అక్కడ నేర్చుకున్నవారే. మా గురువుగారు మాతో కాగితాన్ని నీళ్ళలో ముంచి, రంగు వేసి, ఆరబెట్టి, మళ్ళీ ముంచమనేవారు. ఏడెనిమిదిసార్లు అయ్యాక గోదావరి మీద పొద్దుటి మంచు వచ్చేది.

పడమటి_కిటికీ | జులై 13, మధ్యాహ్నం 1:30

మాష్టారు చెప్పినది చదివాక బొమ్మని చూసే తీరే మారిపోతుంది. నది విషయంలో మాత్రం శీను గారితో నాకు తేడా ఉంది.

కామో నది లోతులేనిది. అందుకే మధ్యలో బల్లలు వేయగలిగారు, అందుకే అందులో ఇలాంటి పడవలు తిరగవు. క్యోటోలోకి సరుకు పడవలు రావాలంటే పక్కనే తకసె అని ఒక కాలువ తవ్వాల్సి వచ్చింది, 1614లో. కామో ఒడ్డు చల్లగాలి బొమ్మల్లో మనుషులు బల్లల మీద ఉంటారు, పరదాల నీడన టీ కొట్లు ఉంటాయి. హిరోషిగె అనే చిత్రకారుడు 1834 ప్రాంతంలో వేసిన శిజో బొమ్మలో కూడా అంతే.

పైకప్పు పడవ, దాని చుట్టూ తినుబండారాలమ్మే చిన్న పడవలు కనిపిస్తే అది ఎదో అనే పేరున్న నగరం. అంటే ఇప్పటి టోక్యో. ఆ నది సుమిదా. పుచ్చకాయల పడవని ఉరోఉరో పడవ అనేవాళ్ళు. ఉరోఉరో అంటే పనిలేనట్టు అటూ ఇటూ తచ్చాడటం. సారాయి, పండ్లు, పిండివంటలు వేసుకుని పెద్ద పడవల మధ్య అలా తచ్చాడుతూ అమ్మేవాళ్ళు కాబట్టి ఆ పేరు.

సుమిదా మీద వేసవి సరదాలకి నడిబొడ్డు రియోగొకు వంతెన. దాని పుట్టుక సరదాది కాదు. 1657లో ఎదో నగరం సగానికి పైగా తగలబడింది. నది దాటడానికి అక్కడ వంతెన లేక, ఒడ్డున చిక్కుకుని వేలమంది చనిపోయారు. ఆ తర్వాత కట్టిందే ఈ వంతెన. రెండు రాష్ట్రాలని కలుపుతుంది కనుక రియోగొకు, అంటే రెండు దేశాలు. మంట మళ్ళీ ఎగబాకకుండా వంతెన రెండు పక్కలా ఖాళీ జాగా వదిలారు. ఆ ఖాళీలోనే టీ కొట్లు, గారడీవాళ్ళు, కథలు చెప్పేవాళ్ళు చేరారు. ఏటా ఐదో నెల 28న నది తెరిచేవాళ్ళు. అప్పట్నుంచి ఎనిమిదో నెల 28 దాకా మూడు నెలలపాటు ఆ కొట్లు రాత్రిపూట కూడా తెరుచుకోవచ్చు, నది నిండా పడవలు, తారాజువ్వలు. వంతెనకి ఎగువన తమాయా వాళ్ళు, దిగువన కగియా వాళ్ళు కాల్చేవాళ్ళు. అప్పటి తారాజువ్వల్లో ఎరుపు, పచ్చ లేవు. నిప్పురవ్వ రంగు ఒక్కటే. రంగులు ఇచ్చే రసాయనాలు 1868 తర్వాతే బయటి దేశాల నుంచి వచ్చాయి.

నీటిరంగులు గారూ, ఆ బొమ్మలో వంతెన గాని, దాని స్తంభాలు గాని ఉన్నాయా? గట్టు మీద ఇంకేమైనా ఉందా? చిన్న గీత అయినా చెప్పండి.

ఒసాకా_శీను | జులై 13, మధ్యాహ్నం 1:55

పడవల సంగతి నాకు తట్టనే లేదు. నిజమే, కామోలో మోకాలి లోతు కూడా ఉండదు చాలాచోట్ల.

సుధారాణి_వరంగల్ | జులై 13, సాయంత్రం 5:10

నది తెరిచే రోజు ఐదో నెల 28 అన్నారు కదా. అది చాంద్రమానం లెక్కేనా? అయితే అమావాస్య నుంచి మొదలుపెడితే 28వ రోజంటే మన బహుళ త్రయోదశి దగ్గర పడుతుంది. ఆ రాత్రి చంద్రుడు కనిపించడు, తెల్లవారుజామున సన్నగా వస్తాడు. తారాజువ్వలకి చీకటి కావాలి కాబట్టి అలా పెట్టుకున్నారేమో తెలియదు గాని, ఈ బొమ్మలో నిండు చంద్రుడున్నాడు. కాబట్టి ఇది నది తెరిచిన రోజైతే కాదు.

పడమటి_కిటికీ | జులై 13, సాయంత్రం 5:35

చాంద్రమానమే. 1872 దాకా జపాన్‌ది పాత పంచాంగమే, 1873 నుంచి ఇప్పుడున్న క్యాలెండరు. ఇన్నేళ్ళుగా ఈ 28వ తేదీని చదువుతూ ఆకాశం ఎలా ఉండి ఉంటుందో నేను ఒక్కసారీ ఆలోచించలేదు. మీకు చాలా థ్యాంక్స్.

నీటిరంగులు | జులై 16, రాత్రి 8:20

మళ్ళీ వెళ్ళాను. మామిడిపండ్ల డబ్బా తీసుకెళ్ళానులెండి, ఉత్త చేతులతో బొమ్మ చూడటానికే వెళ్తే బాగుండదని.

మాష్టారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం! చంద్రుడి మీద రంగే లేదు. చుట్టుపక్కల బట్ట ఎలా ఉందో అక్కడా అలాగే ఉంది, కాస్త పసుపు తిరిగిన పట్టు. చుట్టూ మసక ఉండబట్టి వెలుగుతున్నట్టుంది. మా పాపకి చూపిస్తే "అమ్మా, చందమామ కన్నం" అంది.

వంతెన లేదు. స్తంభాలూ లేవు. గట్టు వెనక చెట్ల గుబుర్లు. వాటి మధ్య ఒకచోట ఏదో అడ్డకర్ర. గట్టు మీద ఎవరో చెక్క దూలం పడేసినట్టు. మొదటిసారి నేను దాన్ని పట్టించుకోలేదు. దగ్గరగా చూస్తే ఒకటి కాదు, పైన కొద్దిగా వంపు తిరిగినది, దాని కింద ఇంకొకటి. రెండిటినీ కలుపుతూ పొట్టి ముక్కలు. వాటి కింది భాగం గట్టు వెనక దాగి ఉంది.

పడమటి_కిటికీ | జులై 16, రాత్రి 8:42

దొరికింది! అది దూలం కాదండీ, తొరీ. గుడి ముందు ఉండే తోరణం. పైభాగం ఒక్కటే గట్టు మీదుగా కనిపిస్తోంది.

అది ముకోజిమాలోని మిమెగురి గుడి. ఆ గుడి సుమిదా నదికి తూర్పు ఒడ్డున గట్టుకి అవతల, పల్లపు పొలాల్లో ఉండేది. నది మీద నుంచి చూసేవాళ్ళకి ఎత్తైన గట్టు అడ్డం వచ్చి తోరణం తల మాత్రమే కనిపించేది. ఎదో చిత్రకారులు దాన్నే గుర్తుగా పెట్టుకున్నారు. గట్టు మీద తోరణం తల గీస్తే చాలు, పేరు రాయక్కర్లేదు, చూసేవాళ్ళకి అది ఏ రేవో తెలిసిపోయేది. హోకుసాయ్, హిరోషిగె, ఎందరో ఆ తల గీశారు.

చోబున్‌సాయ్ ఎయిషి (1756–1829) అని ఒక చిత్రకారుడున్నాడు. పుట్టింది సమురాయ్ కుటుంబంలో, అప్పటి సైనిక పాలకుడు షోగున్ ఇయెహరు కొలువులో పనిచేశాడు. ఆ ఉద్యోగం వదిలి బొమ్మల్లోకి వచ్చాడు. కొన్నాళ్ళు అచ్చు బొమ్మలకి గీతలు గీసి, 1798 ప్రాంతంలో అదీ మానేసి, పట్టు మీద, కాగితం మీద స్వయంగా వేయడంలోనే ఉండిపోయాడు. ఈ నది మీద పడవలో ఎగువకి వెళ్ళే దారిని ఆయన చేతిలో పట్టుకుని చూసే పొడుగు చుట్టల మీద మళ్ళీ మళ్ళీ వేశాడు. ఆ చుట్ట విప్పుతుంటే యనగిబాషి రేవు వస్తుంది, గట్టు మీద ఈ తోరణం తల వస్తుంది, తర్వాత పడవ సన్యా కాలువలోకి తిరుగుతుంది. మీ పెద్దావిడ గోడ మీది బొమ్మ ఎవరిదో నేను చెప్పలేను. అది ఆ దారిలోనిదే అని మాత్రం చెప్పగలను.

ఆ గుడికి ఒక కథ ఉంది. 1693 వేసవిలో వానలు లేవు. రైతులు ఆ గుడి దగ్గర వానకోసం మొక్కుకుంటున్నారు. కికాకు అనే కవి అటుగా వచ్చి, వాళ్ళ తరఫున ఒక హైకూ రాసి దేవుడికి సమర్పించాడు. మూడు పాదాల మొదటి అక్షరాలు కలిపితే యు-త-క, యుతక, అంటే సమృద్ధి. వాన కురిసిందని చెప్పుకుంటారు.

సుధారాణి_వరంగల్ | జులై 16, రాత్రి 9:05

మా ఊళ్ళో వానలు లేకపోతే కప్పతల్లి ఆడేవాళ్ళం. రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిరిగితే బిందెలతో నీళ్ళు పోసేవారు. ఆ రైతుల గుడి దగ్గరే ఈ బొమ్మ ఉందంటే దానికి ఇంకా దగ్గరైనట్టుంది.

ఒక సందేహం. తోరణం తూర్పు ఒడ్డున ఉంది అన్నారు. అంటే చిత్రకారుడు పడమటి ఒడ్డున నిలబడి తూర్పుకి చూస్తున్నాడు. నిండు చంద్రుడు ఆ గట్టు మీదే ఉన్నాడు. నీటిరంగులు గారూ, ఎంత ఎత్తులో ఉన్నాడు? గట్టుకి ఆనుకునా, బాగా పైకా?

నీటిరంగులు | జులై 16, రాత్రి 9:12

బాగా కిందే. తోరణానికి బెత్తెడు పైన. దానిపైన మిగతా బట్టంతా ఖాళీ.

సుధారాణి_వరంగల్ | జులై 16, రాత్రి 9:20

అయితే మీ ప్రశ్నకి జవాబు దొరికిందండీ. పున్నమి నాడు పొద్దు పడమట కుంగుతుండగా చంద్రుడు తూర్పున లేస్తాడు. గట్టు మీద బెత్తెడే లేచాడంటే అప్పుడే పొద్దుగూకింది. మునిమాపు వేళ. ఆకాశంలో ఇంకా వెలుగుంది, బట్టల మీద పువ్వులు ఇంకా కనిపిస్తాయి. దీపాలు ముందుగా పెట్టేసుకున్నారు, మనం ఇంట్లో సంజెదీపం పెట్టినట్టు. ఆ బొమ్మలో రాత్రి లేదు, ఎందుకంటే ఇంకా రాత్రి కాలేదు.

కుంచె_మాష్టారు | జులై 17, ఉదయం 7:30

సుధమ్మా, నేను కుంచె వైపు నుంచి చూశాను, నువ్వు ఆకాశం వైపు నుంచి చూశావు. అద్భుతం. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. ఆ కాలపు జపాన్ బొమ్మల్లో అర్ధరాత్రి కథ అయినా మనుషుల్ని పట్టపగలులాగే వేయడం మామూలే. నీడలు వేయరు, ముఖం సగం చీకట్లో పెట్టరు. కాబట్టి వెలుతురు ఒక్కదాన్నీ పట్టుకుని వేళ చెప్పలేం. కానీ చంద్రుణ్ణి ఎక్కడ పెట్టాడో అది ఆయన కావాలని చేసిన పని. అంత ఖాళీ ఆకాశం ఉండగా గట్టుకి ఆనించి పెట్టాడు. అందుకే నీ మాట ఒప్పుకుంటాను.

దీనికి పూర్తి ఎదురు బొమ్మ ఒకటుంది. ఇతో జకుచు అనే చిత్రకారుడు 1767 వసంతంలో దైతెన్ అనే సన్యాసి మిత్రుడితో కలిసి యొదో నది మీద ఫుషిమి నుంచి ఒసాకాకి పడవలో వెళ్ళాడు. ఆ ప్రయాణాన్ని 11 మీటర్లకు పైగా పొడవున్న చుట్టగా అచ్చు వేశారు. మన శాసనాల మీద కాగితం పరిచి సిరా అద్ది నకలు తీస్తారే, ఆ తరహా అచ్చు. అందులో ఆకాశం కారునలుపు, ఒడ్డు తెలుపు, నది బూడిద రంగు. పగటి ప్రయాణం! చూస్తే నిశిరాత్రి. పుస్తకంలో మొదటిసారి చూసినప్పుడు నాకు రెండు రోజులు ఇంకో పని తోచలేదు.

మల్లెతీగ | జులై 18, రాత్రి 11:15

మొదటినుంచీ చదువుతున్నాను. అందరూ ఇంత ప్రేమగా రాస్తుంటే మధ్యలో ఇది అడగాలా వద్దా అనుకున్నాను, అడక్కుండా ఉండలేకపోతున్నాను.

ఆ సన్నటి పడవలో తువ్వాలు కప్పుకున్న మనిషి ఎక్కడికి వెళ్తున్నాడు? పడమటి_కిటికీ గారు సన్యా కాలువ అన్నారు. నేను చదివినంతలో ఆ కాలువ దిగితే వచ్చేది యోషివారా అనే వేశ్యావాడ. ఆ ముగ్గురు ఆడవాళ్ళు పడవలో చల్లగాలికి వచ్చారా, పనికి వచ్చారా? విహారం అంటున్నాం సరే, అది ఎవరి విహారం?

పడమటి_కిటికీ | జులై 19, ఉదయం 10:05

అడగాల్సిన ప్రశ్నే. నేను రాసినప్పుడు దాన్ని దాటేశాను, తప్పు నాదే.

ఆ కోసు పడవ చోకిబునె. ఒకరిద్దరు కూర్చునేది, వేగంగా పోతుంది. మిమెగురికి దాదాపు ఎదురుగా, పడమటి ఒడ్డున సన్యా కాలువ నదిలో కలిసేది. అక్కడ దిగి, నిహోన్ గట్టు మీద నడిస్తే యోషివారా పెద్ద గుమ్మం. ప్రభుత్వమే అనుమతి ఇచ్చి, చుట్టూ కందకం తవ్వించిన వేశ్యావాడ అది. ముఖం కనిపించకుండా తువ్వాలు కప్పుకుని వెళ్ళడం మామూలు. సుధారాణి గారు వేళ తేల్చారు కదా, అది కూడా సరిపోతోంది. యోషివారాలో రాత్రి బేరం పొద్దుగూకగానే షమిసెన్ అనే మూడు తీగల వాద్యం వాయింపుతో మొదలయ్యేది. అతను సరిగ్గా ఆ వేళకే బయల్దేరాడు.

అక్కడి ఆడపిల్లల్ని చిన్నతనంలోనే అప్పు కింద రాయించుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఒప్పందం. గుమ్మం దాటి బయటికి రావడానికి వీల్లేదు. ఎందరో ఇరవైల్లోనే రోగాలతో పోయారు. వాళ్ళలో దిక్కులేనివాళ్ళని మినోవా దగ్గర జోకన్‌జి గుడికి చేర్చేవాళ్ళు. జనం దాన్ని పడేసే గుడి అన్నారు. 1855 భూకంపంలో చనిపోయిన వాళ్ళనీ అక్కడే పూడ్చారు. టోక్యోలో ఆ గుడి ఇప్పటికీ ఉంది, వాళ్ళ స్మారకమూ ఉంది. నేను వెళ్ళినప్పుడు ఎవరో దువ్వెన, గాజు పూసలు పెట్టి ఉన్నారు.

పైకప్పు పడవలోని ఆడవాళ్ళు మాత్రం యోషివారా వాళ్ళు అయ్యుండరు. వాళ్ళు అలా నది మీదికి రాలేరు. యనగిబాషి వైపు పాటలు పాడే గెయిషాలు కావచ్చు, షాపుల ఆడవాళ్ళు కావచ్చు. పక్కన షమిసెన్ పెట్టె ఉంటే గెయిషా అని చెప్పొచ్చు.

కుంచె_మాష్టారు | జులై 19, సాయంత్రం 4:40

మల్లెతీగమ్మా, నీ మాటతో నాకు పేచీ లేదు. ఒక్కటి మాత్రం అంటాను. ఆ చిత్రకారుడు ఆ మనిషిని గీయకుండా వదిలేయొచ్చు. అందమైన సాయంత్రం, పుచ్చకాయలు, చంద్రుడు, అంతటితో బొమ్మ నిండుతుంది. అయినా గీశాడు.

మల్లెతీగ | జులై 19, సాయంత్రం 6:20

మాష్టారూ, ఆయన గీసింది ఆ మనిషి మీద జాలితోనో, ఆ ఆడపిల్లల మీద జాలితోనో నేను అనుకోను. ఆ రోజుల్లో అది సరసంగా, సొగసుగా అనిపించిన విషయం. తువ్వాలు కప్పుకున్న మనిషిని చూసి కొనుక్కున్నవాళ్ళు ముసిముసిగా నవ్వుకునే ఉంటారు. బొమ్మ అందాన్ని నేను కాదనడం లేదు. నది మీద ఖాళీ బట్టని నీళ్ళు అనుకోవడం మీ దగ్గరే నేర్చుకున్నాను. అలాగే బొమ్మకి బయట, కుడిపక్కనో ఎడమపక్కనో గీయకుండా వదిలేసిన ఆ వాడని కూడా చూడాలనుకుంటున్నాను. పుచ్చకాయల పడవవాడు కూడా, పాపం, చల్లగాలికి రాలేదు కదా.

కుంచె_మాష్టారు | జులై 19, సాయంత్రం 6:45

ఒప్పుకున్నాను తల్లీ. పడవవాళ్ళూ, పుచ్చకాయలవాడూ, వాళ్ళందరికీ అది పనిరోజే.

సుధారాణి_వరంగల్ | జులై 21, మధ్యాహ్నం 2:30

చేర్యాల పటం గురించి రాస్తానన్నాను. మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి పటం కథలవాళ్ళు వచ్చేవాళ్ళు. మూడడుగుల వెడల్పు బట్ట, విప్పుకుంటూ పోతే ముప్పై నలభై అడుగులు. నేపథ్యమంతా ఎరుపు. చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి గట్టిపరిచిన బట్ట. కర్రకి కట్టి పైనుంచి కిందికి ఒక్కో బొమ్మ దించుతూ, దీపం వెలుగులో రాత్రంతా కథ చెప్పేవారు. ఊరంతా కూర్చుని చూసేది. ఖాళీ అన్నది ఉండదు, మూలమూలనా మనిషో, చెట్టో, గుర్రమో.

జపాన్‌వాళ్ళ చేతిచుట్టలని అలా ఊరంతా చూడగలదా?

పడమటి_కిటికీ | జులై 21, సాయంత్రం 7:00

లేదండీ, అది ఒకరిద్దరికే. నేల మీద పెట్టి ఎడమ చేత్తో విప్పుతూ, కుడి చేత్తో చుట్టుకుంటూ పోతారు. ఒక్కసారికి రెండు చేతుల మధ్య ఉన్నంతే కనిపిస్తుంది. ఎయిషి చుట్టలో కూర్చున్నవాడే పడవలో ఉన్నట్టు ఉంటుంది, రాబోయే రేవు ఇంకా చుట్టలోనే ఉంటుంది. మ్యూజియంలో అద్దం కింద మొత్తం పరిచేస్తే మనం పక్కనే నడుస్తూ చూస్తాం. ఆ ఎదురుచూపు పోతుంది. ఏం చేస్తారు మరి, వేలమంది చేతులు పడితే మిగలదు. అక్కడ జాతీయ సంపదగా గుర్తించిన చిత్రాల్ని ఏడాదిలో మొత్తం 60 రోజులకు మించి బయట పెట్టకూడదని ప్రభుత్వ నియమం. వెలుతురుకి రంగులు వెలిసిపోతాయి.

వేలాడే చుట్ట ఇంకో పద్ధతి. అది కాలాన్ని బట్టి మారుతుంది. వేసవిలో నదో, జలపాతమో. ఆకురాలే కాలంలో ఇంకొకటి. గదికి వచ్చినవాళ్ళకి చల్లగా అనిపించడమే దాని పని. నీటిరంగులు గారికి అది చేరింది.

నీటిరంగులు | ఆగస్టు 31, రాత్రి 9:55

ఇన్నాళ్ళు రాయలేదు, క్షమించండి. ఈ రోజు సాయంత్రం పెద్దావిడ తలుపు తట్టి, రేపటి నుంచి సెప్టెంబరు, బొమ్మ దించేస్తున్నాను, చూస్తావా అని అడిగారు.

ముందు ఈ చర్చ సంగతి నాకొచ్చిన జపనీస్‌లో చెప్పాను. తోరణం మాట వినగానే ఆవిడ నవ్వి, చుట్ట పెట్టే చెక్కపెట్టె తెచ్చారు. తేలికైన పవులోనియా చెక్క. మూత మీద సిరాతో నాలుగు అక్షరాలు. ఆవిడ చదివి వినిపించారు, బొకుతెయి నోర్యో. సుమిదా గట్టు, చల్లగాలి. మొదటి అక్షరం బొకు అంటే సిరా అనట. కవులు ఆ నదిని సిరా అక్షరంతో రాసేవారట. మాష్టారూ, ఆ మాట విన్నప్పుడు మీరే గుర్తొచ్చారు.

ఆవిడ అత్తగారు ముకోజిమా వైపు పిల్ల. 1945 మార్చిలో ఆ ప్రాంతమంతా బాంబులకి కాలిపోకముందే ఈ చుట్టతో పాటు కొన్ని సామాన్లు పల్లెలో బంధువుల ఇంటికి పంపారట, అందుకే మిగిలింది. ఇంకేమీ మిగల్లేదు అన్నారు. నేను ఇంకేం అడగలేకపోయాను.

మల్లెతీగ గారూ, షమిసెన్ పెట్టె కోసం వెతికాను. ఉంది. పడవ వెనకవైపు, తెర నీడలో, పొడుగాటి పెట్టె. వాళ్ళు పాడటానికి వచ్చినవాళ్ళే. చెయ్యి నీళ్ళలో వేసిన ఆవిడ ఆ పెట్టె పక్కనే కూర్చుంది. ఇంకా వాయించడం మొదలుపెట్టలేదు.

చుట్టడానికి నన్ను కూడా చెయ్యి వేయమన్నారు. పెద్దావిడ పొడుగాటి కర్రతో పైన తాడు పట్టుకున్నారు, నేను కింది రోలు రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా పైకి చుట్టాను. ముందు రెల్లు పోయింది. తర్వాత పుచ్చకాయల పడవ, లాంతర్లు, ఆవిడ చెయ్యి. ఆ సన్నటి పడవ. గట్టు, తోరణం తల. చివరికి చంద్రుడొక్కడు మిగిలాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగమన్నారు. ఇద్దరం చూశాం. తర్వాత చుట్టేశాం.

ఒసాకా_శీను | ఆగస్టు 31, రాత్రి 10:20

అక్కా, వచ్చే నెల టోక్యో వస్తున్నాను. మిమెగురి గుడికి వెళ్ళి, ఇప్పుడు నది వైపు నుంచి ఆ తోరణం కనిపిస్తుందేమో చూసి ఇక్కడ రాస్తాను.